సి డ్రైవ్ ఎర్రబడింది: 256 జీబీ లాప్‌టాప్‌లో చోటు చేసేదెలా?

కె.ఆర్. పురం వాసి
అందరికీ నమస్కారం. మాది అనంతపురం, ఉంటున్నది బెంగళూరు కృష్ణరాజపురంలో. ఇంట్లో ఒకటే లాప్‌టాప్. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్, విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కదా, విండోస్ 11కు మారదామంటే చోటు చాలదని ఆగిపోతోంది. మిగిలింది 1.9 జీబీ. రీసైకిల్ బిన్ ఖాళీ చేశాను, బ్రౌజర్ కాష్ తుడిచాను, రెండు ఆటలు తీసేశాను. పొద్దున చేసిన ఖాళీ సాయంత్రానికి కనబడటం లేదు.

ఇంకో సందేహం. కొన్నప్పుడు 256 అన్నారు, లోపల చూస్తే 237. మిగతాది ఎవరు తిన్నట్టు? దీన్ని నేను, మా ఆవిడ, ఇంజనీరింగ్ చదువుతున్న మా బావమరిది ముగ్గురం వాడతాం. కొత్తది కొనే ఆలోచన లేదు.

మడివాళ మహారాజు
ఇంత తలనొప్పి దేనికండీ? కావలసినవి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఫార్మాట్ చేసేయండి. గంటలో తేలిపోతుంది.

నల్లమల నీడ
ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టమన్నట్టుంది. ముగ్గురు వాడే లాప్‌టాప్‌లో "కావలసినవి" ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ ముగ్గురిలో ఒక్కరికీ పూర్తిగా తెలియదు. ఫార్మాట్ చేసిన మూడో వారంలో ఎవరో ఒకరు "నా ఫైలు ఏదీ?" అంటారు.

ముందు 237 సంగతి. ఎవరూ తినలేదు. డ్రైవ్ తయారుచేసేవారి లెక్కలో ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో 1024ను 1024తో, మళ్ళీ 1024తో హెచ్చవేసినంత, అంటే 107 కోట్లకు పైగా. అందుకే 256 కాస్తా 238 అవుతుంది, 512 అయితే 476, 1 టీబీ అయితే 931. మీకు తగ్గిన ఆ కాస్తా బూట్, రికవరీ పార్టిషన్లకు, అంటే డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగాలకు పోయింది.

ఇక అసలు పని. ఏదీ తీయకండి. ఏది ఎంత ఆక్రమించిందో ముందు చూడండి. విజ్‌ట్రీ అని ఒక ఉచిత సాధనం ఉంది. ఫోల్డర్లను ఒక్కొక్కటిగా తెరిచి చూడకుండా ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫైళ్ళను అమర్చుకునే పద్ధతి) డ్రైవ్‌లోని ఫైళ్ళ పట్టికనే నేరుగా చదువుతుంది, అందుకే క్షణాల్లో ముగిస్తుంది. విన్‌డర్‌స్టాట్ కూడా మంచిదే. అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి, లేకపోతే కొన్ని ఫోల్డర్లు లెక్కలోకి రావు. పెద్దవి పది ఇక్కడ రాయండి, తరువాత మాట్లాడదాం.

సాయంత్రానికి చోటు మాయమవడానికి కారణం బహుశా ఆ విండోస్ 11 అప్‌గ్రేడే. మీరు ఖాళీ చేస్తున్న చోటులోకి అది తన ఫైళ్ళను దించుకుంటోంది.

వైట్‌ఫీల్డ్ వలసపక్షి
బయటి సాధనాలకన్నా ముందు విండోస్‌లో ఉన్నదే చూడవచ్చు కదా. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్. పాత అప్‌డేట్ల మిగులు, డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైళ్ళు, ఎర్రర్ రిపోర్టులు అన్నీ అక్కడే ఉంటాయి. నిశ్చింతగా తీసేయవచ్చు.

ఒక్కటే జాగ్రత్త. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అని ఒక వరుస ఉంటుంది. అది తాత్కాలిక ఫైళ్ళ ఫోల్డరు కాదు, మీ సొంత ఫోల్డరు. 2018 అక్టోబరు అప్‌డేట్‌లో దీన్ని పాత డిస్క్ క్లీనప్‌లోకి కూడా చేర్చారు. అలవాటుగా అన్నింటికీ టిక్కులు పెట్టి డౌన్‌లోడ్స్ మొత్తం పోగొట్టుకున్నవారున్నారు. తరువాత అక్కడి నుంచి తొలగించారు గాని ఈ స్టోరేజ్ పేజీలో ఇంకా ఉంది. మన వాళ్ళలో సగం మంది ఆధార్ పీడీఎఫ్ నుంచి ఇంటి అద్దె ఒప్పందం దాకా అన్నీ డౌన్‌లోడ్స్‌లోనే ఉంచుతారు.

మడివాళ మహారాజు
సరే, ఫార్మాట్ వద్దన్నారు, ఊరుకున్నాను. విండోస్ ఫోల్డరులో విన్‌ఎస్ఎక్స్ఎస్ అని ఒకటుంటుంది. నా దాంట్లోనే 11 జీబీ ఉంది. దాన్ని తీసేస్తే?

నల్లమల నీడ
మహారాజా, దాని జోలికి వెళ్ళవద్దు. విండోస్ తన భాగాలన్నిటినీ దాచుకునే చోటు అది. అందులో కనిపించే ఫైళ్ళలో చాలావాటికి మరోచోట ఇంకో పేరు కూడా ఉంటుంది, డిస్క్ మీద ఉండేది ఒకటే ప్రతి. ఎక్స్‌ప్లోరర్ దాన్ని రెండుసార్లు లెక్కపెట్టి భయపెడుతుంది. తగ్గించాలనుకుంటే డిస్క్ క్లీనప్‌లో విండోస్ అప్‌డేట్ క్లీనప్ ఎంచుకోండి. చేత్తో తీస్తే మాత్రం యంత్రం మళ్ళీ లేవకపోవచ్చు.

విండోస్ లోపలి ఇన్‌స్టాలర్ ఫోల్డరు కూడా అంతే. ఈ రోజు తీసేస్తే ఏమీ కాదు. ఆరు నెలల తరువాత ఏదో ప్రోగ్రాము అన్‌ఇన్‌స్టాల్ చేయబోతే ఆ ఫైలు కావాలంటుంది.

నిర్వాహకుడు
ఒక సభ్యుడు "ప్రో వెర్షన్ ఉచితం" అంటూ ఒక క్లీనర్ లింకు పెట్టారు. తొలగించాను. దొంగ తాళంతో తెరిచిన సాఫ్ట్‌వేర్ లింకులు ఇక్కడ వద్దు. అసలైన క్లీనర్లనైనా గుడ్డిగా నమ్మకండి. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకే దాడి చేసినవారు హానికర కోడ్ చొప్పించారు, అది కంపెనీ సొంత సర్వరు నుంచే జనానికి చేరింది. రిజిస్ట్రీ శుభ్రం చేస్తే వచ్చే చోటు లెక్కలోకి రాదు, పాడయ్యే ప్రమాదం మాత్రం లెక్కలోకి వస్తుంది.

కె.ఆర్. పురం వాసి
విజ్‌ట్రీ నడిపాను. కళ్ళు తిరిగాయి. ఇవీ అంకెలు:

యూజర్స్ 141 జీబీ. విండోస్ 34. రెండు ప్రోగ్రామ్ ఫైల్స్ కలిపి 27. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ 12. పేజ్‌ఫైల్ 8. హైబర్‌ఫిల్ 6.3.

యూజర్స్ లోపల మొబైల్‌సింక్ అనేది 44, డాకర్ అనేది 38, ఫొటోలు వీడియోలు 31, డౌన్‌లోడ్స్ 17, మిగతా చిల్లర. డాకర్ ఏమిటో నాకు తెలియదు, నేను పెట్టలేదు. మొబైల్‌సింక్ తెరిస్తే అర్థంకాని అక్షరాలూ అంకెలూ పేర్లుగా వేల ఫైళ్ళు. వైరస్ కాదు కదా?

నల్లమల నీడ
వైరస్ కాదు. ఇంట్లో ఎవరికో ఐఫోను ఉంది. కంప్యూటరుకు తగిలించినప్పుడు ఐట్యూన్స్ తీసుకున్న పూర్తి బ్యాకప్ అది. ఫైళ్ళ పేర్లు అలాగే ఉంటాయి, తెరిచి ఫొటో చూడటం కుదరదు.

చెత్తలా కనిపిస్తుందని తీసేయకండి. ఐట్యూన్స్‌లో ప్రిఫరెన్సెస్, డివైసెస్‌లోకి వెళితే ఏ ఫోనుది, ఏ తేదీది అని జాబితా వస్తుంది. ప్రస్తుతం వాడుతున్న ఫోను బ్యాకప్ ఉంచుకోండి. అమ్మేసిన ఫోనుది ఉంటే, ఆ ఫొటోలు కొత్త ఫోనులోకి వచ్చాయో లేదో ఆ ఫోను వాడినవారి చేతనే చూపించుకోండి. అనుమానముంటే ఆ బ్యాకప్ ఫోల్డరును పేరు మార్చకుండా, లోపల ఏదీ కదపకుండా బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. ఎప్పుడైనా కావాలంటే తిరిగి అదే చోట పెడితే ఐట్యూన్స్ గుర్తుపడుతుంది. బ్యాకప్‌కు పాస్‌వర్డు పెట్టి ఉంటే అది రాసి పెట్టుకోవాలి. అది లేకపోతే ఆ బ్యాకప్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

హైబర్‌ఫిల్ మీ ర్యామ్‌లో సుమారు 40 శాతం. 16లో 40 శాతం 6.4, లెక్క సరిపోయింది. హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా అందులో రాసుకుంటుంది. మీరు హైబర్నేట్ వాడకపోతే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్ హెచ్, ఒక ఖాళీ, ఆఫ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. ఫైలు దానంతటదే పోతుంది. ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, ఎస్‌ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్‌లో ఆ తేడా పెద్దగా తెలియదు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే పేజ్‌ఫైల్‌ను మాత్రం కదపకండి.

సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్‌లో ఉన్నవి రీస్టోర్ పాయింట్లు, ఏదైనా చెడితే విండోస్‌ను పాత స్థితికి తెచ్చేవి. సిస్టమ్ ప్రొటెక్షన్‌లో గరిష్ఠ పరిమితిని 5 జీబీకి తగ్గించండి. పూర్తిగా ఆపవద్దు, అప్‌గ్రేడ్‌కు ముందు అసలే వద్దు.

డాకర్ ఎవరిదో కనుక్కోండి.

అనంతపురం బావమరిది
నమస్కారం. ఆ డాకర్ నాది, ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో పెట్టి నడిపే సాధనం. బావ ఈ చర్చ చూపించి "ఇదేమిటి?" అని అడిగితే నేరుగా ఇక్కడే చెబుదామని ఖాతా తెరిచాను. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు అందులో ఉంది. డేటాబేస్ కూడా అందులోనే. బావా, దయచేసి నేను కాలేజీ నుంచి వచ్చేదాకా ఏదీ నొక్కకు.

నా సందేహం: పాత ఇమేజ్‌లన్నీ (ఆ పెట్టెలకు మూలమైన ఫైళ్ళు) నెల క్రితమే తీసేశాను. డాకర్ తన లెక్కలో 13 జీబీయే వాడుతున్నానంటోంది. విండోస్ మాత్రం 38 అంటోంది. ఎవరి మాట నమ్మాలి?

వైట్‌ఫీల్డ్ వలసపక్షి
ఇద్దరిదీ నిజమే తమ్ముడూ. విండోస్‌లో డాకర్ ఒక లినక్స్ లోపల నడుస్తుంది. ఆ లినక్స్ డిస్క్ మొత్తం విండోస్‌కు ఒకే పెద్ద ఫైలు. ఆ ఫైలు అవసరాన్ని బట్టి పెరుగుతుంది, లోపల ఖాళీ అయినా తనంతట తాను తగ్గదు. మా ఆఫీసులో కొత్తగా చేరినవారు తొలి ఏడాది అడిగే ప్రశ్నల్లో ఇదొకటి.

ముందు ప్రాజెక్టు కోడ్ గిట్‌హబ్ సైటులోకి ఎక్కించు, డేటాబేస్ డంప్ (పూర్తి నకలు) తీసి వేరేచోట పెట్టు. తరువాత వాడనివాటిని తుడిచే డాకర్ సిస్టమ్ ప్రూన్ కమాండ్ నడుపు. అది మామూలుగా వాల్యూమ్‌లను, అంటే డాకర్ డేటాను విడిగా దాచే చోట్లను ముట్టుకోదు, నీ డేటాబేస్ వాటిలోనే ఉండాలి. ఎక్కడో చూసి వాల్యూమ్‌లను కూడా తుడిచే ఆప్షన్ కలిపి కొట్టావంటే, వాడుకలో లేదనుకున్న వాల్యూమ్ పోవచ్చు. ఆ తరువాత డాకర్ మూసి, డబ్ల్యూఎస్ఎల్‌ను (ఆ లినక్స్‌ను నడిపేది) షట్‌డౌన్ చేసి, విండోస్‌లోని డిస్క్‌పార్ట్‌లో ఆ పెద్ద ఫైలును (వీహెచ్‌డీఎక్స్) ఎంచుకుని కాంపాక్ట్ వీడిస్క్ అను. కాసేపు పడుతుంది, మధ్యలో ఆపకు. ఇంటర్నెట్‌లో చాలామంది ఆప్టిమైజ్ వీహెచ్‌డీ అనే పవర్‌షెల్ కమాండ్ చెబుతారు, దానికి హైపర్‌వీ అనే విండోస్ భాగం కావాలి, హోమ్ ఎడిషన్‌లో అది ఉండదు.

చేయి తిరిగాక నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లు, ఫోనును కంప్యూటరులోనే అనుకరించే ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్లు కూడా చూడు. ఒక్కో ఎమ్యులేటర్ కొన్ని జీబీలు తింటుంది. రెండూ కావాలన్నప్పుడు మళ్ళీ తెచ్చుకోగలిగినవే.

పదవీ విరమణ
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. బ్యాంకులో పనిచేసి రిటైరై జయనగర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. నా దగ్గర పాత లాప్‌టాప్, 1 టీబీ హార్డ్ డిస్క్. కొన్నప్పుడు షాపువారే సి 100 జీబీ, డి మిగతాది అని విడదీసి ఇచ్చారు. ఇప్పుడు సి నిండిపోయింది, డి దాదాపు ఖాళీ. డి నుంచి కొంత సి లోకి జరపడం కుదరదా? డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డి ని తగ్గించాను, ఖాళీ కనిపిస్తోంది, కానీ సి దగ్గర ఎక్స్‌టెండ్ అనేది బూడిద రంగులోనే ఉంది.

నల్లమల నీడ
పెద్దాయనా, మీరు చేసింది సరైనదే, విండోస్‌కున్న పరిమితి అది. సి పెరగాలంటే దానికి కుడి పక్కన, ఆనుకుని ఖాళీ ఉండాలి. డి ని తగ్గిస్తే ఖాళీ వచ్చేది డి చివర. మధ్యలో డి అడ్డంగా కూర్చుంది. కొన్ని లాప్‌టాప్‌లలో రికవరీ పార్టిషన్ కూడా అడ్డం ఉంటుంది. డి లో ఉన్నదంతా బయట దాచి, డి ని తీసేసి, సి పెంచి, మళ్ళీ డి చేసుకోవడం ఒక దారి. పార్టిషన్లను జరిపే సాధనాలు ఉన్నాయి గాని బ్యాకప్ లేకుండా, కరెంటు మీద నమ్మకం లేకుండా ఆ పని పెట్టుకోవద్దు.

మీకు అంత అవసరం లేదనుకుంటాను. డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్, డౌన్‌లోడ్స్ నాలుగింటినీ డి కి మార్చండి. ముందు డి లో ఒక్కోదానికి ఒక ఫోల్డరు చేసుకోండి. తరువాత ఫోల్డరు మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్, అందులో లొకేషన్, అందులో మూవ్, ఆ కొత్త ఫోల్డరును చూపించండి. ఉన్న ఫైళ్ళు వెళ్ళిపోతాయి, ఇకమీదట దాచేవి కూడా అక్కడికే వెళతాయి. నేరుగా డి డ్రైవ్‌నే చూపించవద్దు, వెనక్కి తీసుకోవడం కష్టమవుతుంది. షాపులవారు ఇలా సి, డి అని విడదీసి ఇస్తారు గాని ఈ ఒక్క పని చేసి ఇవ్వరు. నాకు అదే కోపం.

పదవీ విరమణ
ధన్యవాదాలు. చేసి చూస్తాను. ఇంకొకటి. కొన్ని ఫైళ్ళ పక్కన మేఘం గుర్తు, కొన్నింటి పక్కన పచ్చ టిక్కు ఉంది. చోటు కోసం టిక్కున్నవి డిలీట్ చేయవచ్చా?

వైట్‌ఫీల్డ్ వలసపక్షి
వద్దు సార్! అవి వన్‌డ్రైవ్‌లో ఉన్నవి. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతాయి, ఫోనులో చూసినా ఉండవు. డిలీట్ బదులు కుడి బటన్ నొక్కి ఫ్రీ అప్ స్పేస్ అనండి. ఫైలు పేరు ఇక్కడే ఉంటుంది, సరుకు మాత్రం సర్వరులో ఉంటుంది, గుర్తు మేఘంగా మారుతుంది. మళ్ళీ తెరవాలంటే ఇంటర్నెట్ ఉండాలి. ఇప్పటికే ఏదైనా డిలీట్ చేసి ఉంటే వన్‌డ్రైవ్ వెబ్‌సైటులోని రీసైకిల్ బిన్ చూడండి, వ్యక్తిగత ఖాతాలో 30 రోజులు ఉంచుతారు.

కోరమంగళ మ్యాక్
మ్యాక్ వాడేవారిని ఎవరూ పట్టించుకోరా? నాకు సిస్టమ్ డేటా అని 90 జీబీ చూపిస్తోంది.

నల్లమల నీడ
చాలావరకు టైమ్ మెషీన్ తీసి డిస్క్‌లోనే ఉంచిన స్నాప్‌షాట్లు అయి ఉంటాయి, చోటు అవసరమైతే అదే తీసేస్తుంది. యాపిల్ యాప్‌లు రాసే ఎక్స్‌కోడ్ ఉంటే డిరైవ్డ్ డేటా ఫోల్డరు చూడండి. మిగతాది వేరే చర్చగా పెట్టండి, ఇక్కడ కలిపితే ఇద్దరి సంగతీ తేలదు.

సంత సంగతులు
సలహాలన్నీ బాగున్నాయి. కానీ ముగ్గురు మనుషులకు 256 ఎలా సరిపోతుందండీ? ఈ ఏడు తుడిచినా వచ్చే ఏడు మళ్ళీ ఇదే వరుస. సిటీ మార్కెట్ దగ్గర ఎస్.పి. రోడ్డుకు వెళ్ళి పెద్ద ఎస్‌ఎస్‌డీ తెచ్చుకోండి. మద్రాసులో ఉన్నప్పుడు రిచీ స్ట్రీట్‌లో కొనేవాణ్ణి, రెండు చోట్లా మాటలు ఒకటే, బేరం ఒకటే.

వెళ్ళేముందు మీ లాప్‌టాప్ మాన్యువల్ చూసుకోండి. ఎస్‌ఎస్‌డీల్లో 2.5 అంగుళాల సాటా వేరు, సన్నని పట్టీలా ఉండే ఎం.2 వేరు. ఎం.2 లోనూ సాటా, ఎన్‌వీఎంఈ అని రెండున్నాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని చోట రెండోది పనిచేయకపోవచ్చు. ఎం.2 మీద 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. కొన్ని చవక లాప్‌టాప్‌లలో ఈఎంఎంసీ అనే నిల్వ చిప్పు బోర్డుకే అతికించి ఉంటుంది, దాన్ని మార్చలేం. సీలు ఉన్న పెట్టె, జీఎస్టీ బిల్లు తీసుకోండి. సీరియల్ నంబరు తయారీదారు సైటులో అక్కడే ఫోనులో సరిచూసుకోండి.

ఫుట్‌పాత్ మీదా ఆన్‌లైన్‌లోనూ కొన్ని వందలకే 16 టీబీ అని అమ్మేవాటిని ముట్టుకోకండి. లోపల ఉండేది చిన్న చిప్పు, పెద్దదని అబద్ధం చెప్పేలా మార్చి ఉంటుంది. అసలు సామర్థ్యం దాటాక రాసిన ఫైళ్ళు పాతవాటిని చెరిపేస్తాయి, మీరు తెరిచి చూసేదాకా తెలియదు. ఏది కొన్నా హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్షా సాధనంతో మొత్తం నింపి చదివించాకే ఫొటోలు పెట్టండి.

మడివాళ మహారాజు
చూశారా, చివరికి కొనమనేదాకా వచ్చారు. నా ఫార్మాట్ ఉచితం.

కె.ఆర్. పురం వాసి
ఆదివారమంతా దీనికే పోయింది, కానీ ఫలితముంది.

మొబైల్‌సింక్‌లో రెండు బ్యాకప్‌లు. మా ఆవిడ పాత ఫోనుది 27, ఇప్పటి ఫోనుది 17. పాతది తీసేద్దామంటే ఆమె ఒప్పుకోలేదు, చూస్తే ఆమె మాటే నిజమైంది. మా అమ్మాయి అన్నప్రాశన వీడియోలు కొత్త ఫోనులో లేవు. ఫోల్డరు మొత్తాన్ని బయటి డిస్క్‌కు కాపీ చేసి, పరిమాణం, ఫైళ్ళ సంఖ్య సరిచూసుకున్నాకే ఇక్కడ తీశాను.

బావమరిది డాకర్ ఫైలును 38 నుంచి 14కు దించాడు. హైబర్నేషన్ ఆపాను. రీస్టోర్ పాయింట్లు 5కు తగ్గించాను. డౌన్‌లోడ్స్‌లో ఒకే సినిమా మూడు ప్రతులు, ఎప్పటివో ఇన్‌స్టాలర్లు, కలిపి 12 జీబీ పోయింది. ఇప్పుడు 78 జీబీ ఖాళీ. గీత నీలం రంగులోకి వచ్చింది.

విండోస్ 11 దిగింది. తీరా చూస్తే విండోస్ ఓల్డ్ అని కొత్త ఫోల్డరు ఒకటి మళ్ళీ 20 జీబీకి పైగా కూర్చుంది! తీసేయవచ్చా?

నల్లమల నీడ
ఇప్పుడే వద్దు. అది మీ పాత విండోస్ 10. కొత్తదాంట్లో ప్రింటరో వైఫైయో మొండికేస్తే వెనక్కి వెళ్ళడానికి ఉంచారు. 10 రోజుల తరువాత విండోస్ తానే తీసేస్తుంది. ఈలోగా ముగ్గురూ తమ తమ పనులన్నీ ఒకసారి చేసి చూడండి, ముఖ్యంగా బావమరిది డాకర్.

ఒక పని మాత్రం ఈ రోజే చేయండి. డ్రైవ్‌కు రహస్య తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. సంత సంగతులు గారి మాట విని రేపు ఎస్‌ఎస్‌డీ మార్చినా, మదర్‌బోర్డు పోయి డ్రైవ్ మాత్రం మిగిలినా, అది అడిగేది ఆ 48 అంకెలనే.

అనంతపురం బావమరిది
డాకర్ నడుస్తోంది. ఎమ్యులేటర్లు కూడా తీశాను, ఇంకో 9 జీబీ వచ్చింది. బావా, ఆ చోటులో ఆట ఒకటి పెట్టుకోవచ్చా?

కె.ఆర్. పురం వాసి
పరీక్షలయ్యాక అడుగు.